నోరుండియు పలుకవు: ఈ మాట బైబిల్ ఎవరితో చెప్పింది?

హోరమావు వాసి
దసరా దగ్గరపడింది, మా ఆఫీసులో ఆయుధపూజకు చందాలు మొదలయ్యాయి. బెంగళూరులో ఆ రోజు ఎంత సందడో ఇక్కడ ఉంటున్నవారికి చెప్పనక్కరలేదు. గుమ్మాలకు అరటి పిలకలు, లాప్‌టాప్‌లకు పసుపు కుంకుమలు, కార్ల ముందు బూడిద గుమ్మడికాయలు. నేను ఒంగోలు నుంచి వచ్చిన క్రైస్తవుణ్ణి. బొట్టు పెట్టించుకోను, హారతి తీసుకోను. అది నా తోటివారికి తెలుసు, ఎన్నడూ బలవంతం చేయలేదు. నా బాధ వేరు.

మా వీధిలో ఒక మేడ మీద కొత్తగా ప్రార్థన మందిరం పెట్టారు. పోయిన ఆదివారం ప్రసంగీకుడు కిటికీలు తెరిచి ఉంచి, మైకులో 115వ కీర్తన చదివాడు. "నోరుండియు పలుకవు, కన్నులుండియు చూడవు" అన్న చోట ఆగి, ఎదురుగా ఉన్న వినాయకుడి గుడివైపు చెయ్యి చూపించి పగలబడి నవ్వాడు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ గుడి మెట్ల దగ్గర పూలమ్మే ముసలమ్మ తలెత్తి పైకి చూసింది. ఆమె కూడా తెలుగే, మదనపల్లె వైపు. ప్రతి మాటా ఆమెకు అర్థమైంది.

విగ్రహాల విషయంలో బైబిల్ మాట మెత్తగా ఉండదని నాకు తెలుసు. దాన్ని మెత్తబరచమని అడగడం లేదు. ఆ మాటలు ఎవరితో చెప్పినవి? కిటికీలోంచి పొరుగువారి మీద విసరడానికి రాసినవేనా?

వాక్యమే దీపం
మైకు తగ్గించమనండి, ఒప్పుకుంటాను. నవ్వడం తప్పు, అదీ ఒప్పుకుంటాను. వాక్యాన్ని మాత్రం తగ్గించవద్దు. నిర్గమకాండము 20లో ఆజ్ఞ ఉంది, కీర్తనల్లో ఉంది, యెషయా, యిర్మీయా, హబక్కూకు అందరూ అదే చెప్పారు. మనుషులు చెక్కినదానికి మొక్కవద్దన్న మాటను మర్యాద కోసం దాచిపెడితే అది ప్రేమ అనిపించుకోదు.

గుంటూరు మిరప
మైకు దగ్గర ఇద్దరూ ఒకటయ్యారు. సగం బెంగళూరు మీకు రుణపడి ఉంటుంది.

పాత నిబంధన పాఠకుడు
హోరమావు వాసి గారి ప్రశ్నకు సగం జవాబు ఆ కీర్తనలోనే ఉంది. ప్రసంగీకులు చాలామంది నాలుగో వచనం దగ్గర అందుకుంటారు. మొదటిది చూడండి: "మాకు కాదు, యెహోవా, మాకు కాదు." రెండో దానిలో చుట్టుపక్కల జనాలు "వీళ్ల దేవుడెక్కడ?" అని అడుగుతున్నారు. అంటే ఎగతాళి మొదలైంది అవతలివైపు నుంచి. కంటికి కనిపించని దేవుణ్ణి కొలిచే ఒక చిన్న జనాన్ని పెద్ద రాజ్యాలు వేసిన ప్రశ్న అది. దానికి బదులుగా పుట్టిన పాటను వాళ్లు ఎక్కడ పాడుకున్నారు? 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలను యూదులు ఈనాటికీ పస్కా పండుగ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర పాడతారు. వినేది వాళ్ల పిల్లలు.

ఇక ఎనిమిదో వచనం. వాటిని చేసేవాళ్లూ నమ్మేవాళ్లూ వాటిలాగే అయిపోతారని అక్కడ ఉంది. చదివి నవ్వుకోవలసిన మాట కాదు, ఒళ్లు జలదరించవలసిన మాట. యిర్మీయా 5:21 తెరిస్తే, కళ్లుండీ చూడనివాళ్లు, చెవులుండీ విననివాళ్లు ఎవరో కనిపిస్తారు. బబులోనువాళ్లు కాదు, ఐగుప్తు (ఈజిప్టు) వాళ్లు కాదు. యాకోబు ఇంటివాళ్లు, యూదా ప్రజలు. విగ్రహం గురించి పాడుకున్న మాటలనే ప్రవక్త వాళ్ల మీదికి తిప్పాడు.

వాక్యమే దీపం
సొంత జనానికే అంటే నేను ఒప్పుకోను, మాస్టారూ. దానియేలు 5:23 చూడండి. బబులోను రాజు బెల్షస్సరు ముందే నిలబడి, చూడలేని, వినలేని, ఏమీ తెలియని వెండి బంగారు దేవతలను స్తుతించావని దానియేలు అన్నాడు. ఆ రాజు యూదుడు కాడు. లుస్త్ర ఊళ్లో క్రీస్తు బోధకులు పౌలుకూ బర్నబాకూ ఎద్దులు తెచ్చి బలి ఇవ్వబోతే, ఈ వ్యర్థమైనవాటిని విడిచిపెట్టండని వాళ్లతోనే చెప్పారు. ఏథెన్సులో అరేయొపగు సభ ముందు కూడా అంతే, బంగారంతోనూ రాతితోనూ మలచినదానిని దైవం అనుకోవద్దన్నాడు పౌలు. వీళ్లలో ఎవరు ఇశ్రాయేలీయులు?

పాత నిబంధన పాఠకుడు
ఎవరూ కారు. ఆ మాట బయటివారికి చెప్పనే లేదని నేనూ అనను. మీరు చూపించిన మూడు చోట్లా ఎవరు పిలిచారో చూడండి. దానియేలును రాజే పిలిపించి గోడ మీది రాత చదవమన్నాడు. అప్పుడు రాజు చేతిలో ఉన్నవి యెరూషలేము ఆలయం నుంచి దోచుకొచ్చిన పాత్రలు. ఏథెన్సువాళ్లు పౌలును తీసుకెళ్లి నీ బోధ ఏమిటో చెప్పమన్నారు. లుస్త్రలో వాళ్లే ఆయనను దేవుడనుకుని దండలు తెచ్చారు, ఆపకపోతే తానే ఒక విగ్రహం అయ్యేవాడు. ఎదుట ఉన్నవారికి, వాళ్లు అడిగినప్పుడు, కళ్లలోకి చూస్తూ చెప్పిన మాటలవి. పూలమ్ముకుంటున్న మనిషి మీద పైనుంచి పోసినవి కావు.

హోరమావు వాసి
ఈ తేడానే నేను వెతుక్కుంటున్నది. కానీ ఏలీయా ప్రవక్త సంగతి ఏమిటి? కర్మెలు కొండ మీద ఆయన ఎగతాళి చేయలేదా? మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, గట్టిగా కేకలు వేయండి అన్నాడు. మా వీధి ప్రసంగీకుణ్ణి అడిగితే మొదట చూపించేది అదే.

పాత నిబంధన పాఠకుడు
చేశాడు. బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మంది, ఆయన ఒక్కడు. ఆ కొండ మీద గుమిగూడినవాళ్లు మాత్రం ఇశ్రాయేలీయులే, రాజు అహాబు కూడా ఇశ్రాయేలీయుడే. "ఎంతకాలం రెండు తలంపుల మధ్య ఊగుతారు?" అన్న ప్రశ్న వాళ్లకు వేసింది. రాణి భోజనపు బల్ల దగ్గర తిని బతుకుతున్న ప్రవక్తలను, ప్రాణానికి తెగించి, ఒంటరిగా ఎదిరించాడు. మైకు, జనం, చప్పట్లు అన్నీ తనవైపే పెట్టుకుని చేసింది కాదు.

గుంటూరు మిరప
ఇంత చర్చలో హిందువుల మాట ఒకటీ రాలేదు. నాకు వేదాంతం తెలియదు కాబట్టి నేను చెప్పను. తెలిసినవారెవరైనా రండి.

ఆళ్లగడ్డ శిల్పి మనవడు
నేను చెబుతాను. మా తాతయ్య ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కేవారు. నేను ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగంలో పడ్డాను, ఉలి పట్టలేదు.

చెక్కుతున్నంత కాలం అది మాకు రాయే. తాతయ్య దాని మీద కాలు ఆనించి కూర్చునేవారు. మధ్యాహ్నం సద్ది గిన్నె దాని భుజం మీదే పెట్టేవారు. రాతిపొడి ముక్కులోకి పోకుండా తుండుగుడ్డ కట్టుకుని, తాడు పట్టి, ఎర్రటి జాజుతో గీతలు గీసేవారు. విరిగితే పక్కకు నెట్టి మరో రాయి తెప్పించేవారు, ఏడ్చేవారు కాదు. కళ్లు చివర. ప్రతిష్ఠ రోజున మంత్రాలతో, బంగారు సూదితో కన్ను తెరుస్తారు, దాన్ని నయనోన్మీలనం అంటారు. ఆ తర్వాత తాతయ్య దానికి ఎదురుగా నిలబడి చేతులు జోడించేవారు. ఇక ముట్టుకునేవారు కాదు.

వినాయక చవితికి మట్టి ప్రతిమ తెస్తాం. ఆవాహన చేస్తాం, పూజ చేస్తాం, ఉద్వాసన చెప్పి నీళ్లలో కలుపుతాం. మట్టే దేవుడని అనుకుంటే నీళ్లలో కలుపుతామా? "చెక్కను, రాతిని దేవుడనుకునే అమాయకులు" అని మీ ప్రసంగాల్లో వినిపించే మనిషి మా ఇంట్లో ఎప్పుడూ లేడు. మీ ప్రవక్తలు ఎదుటివారి మాట వినకుండానే తీర్పు రాసినట్టు నాకు అనిపిస్తుంది. కోపంతో అడగడం లేదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

చదువరి
ఈ పోస్టు దాచుకుంటున్నాను.

వైట్‌ఫీల్డ్ రాత్రి షిఫ్టు
సద్ది గిన్నె సంగతి చదివి మా నాన్న గుర్తొచ్చారు, ఆయన వడ్రంగి. శిల్పి మనవడు గారూ, యెషయా 44 ఒకసారి చదవండి. ఆ తాడు, ఆ ఎర్ర గీత, అన్నీ అందులో ఉన్నాయి.

పాత నిబంధన పాఠకుడు
నేనూ అదే రాయబోతున్నాను. యెషయా 44లో వడ్రంగి నూలు పట్టి కొలుస్తాడు, గీత గీస్తాడు, చిత్రిక పడతాడు. కమ్మరికి ఆకలి వేస్తుంది, నీళ్లు లేక సొమ్మసిల్లుతాడు. ఒకే చెట్టు సగం కట్టెలు పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుంటాడు, మాంసం వండుకుంటాడు, చలి కాచుకుంటాడు. మిగిలిన సగంతో దేవుణ్ణి చేసుకుని, నన్ను కాపాడు అంటాడు. ఇది రాసినవాడు పనివాళ్ల దగ్గర నిలబడి చూసినవాడే.

ఎదుటివారి మాట వినలేదన్న ఆరోపణకు మాత్రం ఒక సంగతి చెప్పాలి. బబులోనులో కూడా విగ్రహం ఊరికే దేవుడైపోయేది కాదు. నోరు కడిగే క్రతువు ఒకటి ఉండేది. దాని వివరాలు మట్టి పలకల మీద నీనెవెలోనూ బబులోనులోనూ దొరికాయి. విగ్రహాన్ని నది ఒడ్డుకు, తోటలోకి తీసుకెళ్లి నోరు కడుగుతారు, మంత్రాలు చదువుతారు. దాన్ని చేసిన పనివాళ్ల చేతులు గుడ్డతో కట్టి, చెక్క కత్తితో నరికినట్టు నటిస్తారు. "దీన్ని నేను చేయలేదు, దేవుడే చేశాడు" అని వాళ్లు ఒట్టు వేస్తారు.

ఇప్పుడు యెషయా మళ్లీ చదవండి. కమ్మరికి ఆకలి వేసింది, వడ్రంగి గీత గీశాడు అని అంత వివరంగా ఎందుకు రాశాడు? ఆ ఒట్టుకు ఎదురుగా నిలబడి, "కాదు, నువ్వే చేశావు, నీ చేతులకు కాయలు కూడా కాచాయి" అంటున్నాడు. అవతలివారి నమ్మకం తెలియక అన్నాడని నేను అనుకోను. దాని ఆయువుపట్టు తెలిసే పట్టుకున్నాడు.

ఆళ్లగడ్డ శిల్పి మనవడు
చేతులు నరికినట్టు నటించడం నాకు కొత్త. మా తాతయ్య చెయ్యి ఎవరూ దాచలేదు. ప్రతిష్ఠ రోజున స్థపతికి కొత్త బట్టలు, దక్షిణ ఇచ్చి పంపేవారు. సరే, ఒకటి సూటిగా చెప్పండి మాస్టారూ. మేము మొక్కేది రాతికి కాదు, ఆవాహన చేసిన దైవానికి అంటే, మీ బైబిల్ ఆ మాట ఒప్పుకుంటుందా?

పాత నిబంధన పాఠకుడు
ఒప్పుకోదు. మీరు సూటిగా అడిగారు కాబట్టి చుట్టు తిప్పకుండా చెబుతున్నాను. నిర్గమకాండము 32లో మోషే అన్న అహరోను బంగారు దూడను చేసి, "రేపు యెహోవాకు పండుగ" అని చాటించాడు. వేరే దేవుడి పేరు ఎత్తలేదు. తమను ఐగుప్తు నుంచి తెచ్చిన దేవుడి పేరుతోనే మొక్కారు. అయినా మోషే దాన్ని కాల్చి పొడి చేసి, నీళ్ల మీద చల్లి వాళ్లచేతనే తాగించాడు. తర్వాత ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలులో ఒకటి, దానులో ఒకటి దూడలను నిలబెట్టినప్పుడూ ఐగుప్తు నుంచి తెచ్చిన దేవుడు ఇడుగో అనే అన్నాడు. ఎవరిని ఉద్దేశించి మొక్కుతున్నాం అన్నదానితో ఆ తప్పు తీరలేదు. హోరేబు కొండ దగ్గర మీరు స్వరం విన్నారు, ఏ రూపమూ చూడలేదు, కాబట్టి ఏ రూపమూ చేసుకోవద్దు అని ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయం. ఇది బైబిల్ గట్టిగా పట్టుకున్న మాట. మీరు, మీ తాతగారు అమాయకులనుకోవడం వల్ల వచ్చిన మాట కాదు.

ఆళ్లగడ్డ శిల్పి మనవడు
ఒప్పుకోలేను గాని అర్థమైంది. నవ్వు కంటే ఈ జవాబు వెయ్యి రెట్లు నయం.

నిర్వాహకుడు
ఇక్కడ వచ్చిన ఒక పోస్టు తీసేశాను. ఎవరి దేవుణ్ణీ, ఎవరి తల్లినీ ఈ వేదికలో తిట్టనివ్వను. చర్చ కొనసాగించండి.

గుంటూరు మిరప
పూజ సంగతి సరే. శివాజీనగర్‌లో సెప్టెంబరు 8న మేరీ మాతకు చీర కట్టి రథం మీద ఊరేగిస్తారు. హిందువులు కూడా వేల మంది వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తారు, మా అమ్మ కూడా వెళ్తుంది. అదీ బైబిల్ చదివేవారి పండుగే కదా. దానికి ఏమంటారు?

వాక్యమే దీపం
దానికీ ఇదే జవాబు. నా దగ్గర రెండు తూకాలు లేవు.

శివాజీనగర్ రోజా
నేను ఆ పండుగకు తొమ్మిది రోజులూ కాషాయ రంగు చీర కట్టుకునే ఇంట్లో పుట్టాను, కాబట్టి నేనే చెబుతాను. మాకూ ఆ ఆజ్ఞ ఉంది. ఆ స్వరూపం కలపే, సున్నమే. ప్రార్థన వింటున్నది అది కాదు. క్రీస్తుశకం 787లో నీకయ పట్టణంలో సంఘ పెద్దలు జరిపిన రెండో మహాసభ ఈ గీత గీసింది: ఆరాధన దేవుడికి మాత్రమే, పటాలకూ స్వరూపాలకూ చేసేది గౌరవం, ఆ గౌరవం ఎవరి రూపమో వారికి చేరుతుంది. అంతకుముందు సుమారు అరవై ఏళ్లు తూర్పు రోమా సామ్రాజ్యంలో పటాలు పగలగొట్టడం, దాని మీద గొడవలు జరిగాయి. ఊరికే తేల్చిన సంగతి కాదు.

ఇంకొకటి. రూపమే పాపమైతే, ఆజ్ఞల పలకలు ఉంచిన మందసము మూత మీద రెండు బంగారు కెరూబులను, అంటే రెక్కలున్న దూతలను, చేయమని దేవుడే ఎందుకు చెప్పాడు? అరణ్యంలో పాము కాటుకు ఇత్తడి సర్పాన్ని ఎత్తమని మోషేకు ఎందుకు చెప్పాడు?

వాక్యమే దీపం
అక్కా, ఆ ఇత్తడి సర్పం చివరికి ఏమైందో కూడా చెప్పండి.

శివాజీనగర్ రోజా
తెలుసు తమ్ముడూ. హిజ్కియా రాజు పగలగొట్టాడు. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు కాబట్టి. అంతవరకు కొన్ని వందల ఏళ్లు దాన్ని ఎవరూ పగలగొట్టలేదన్నది కూడా చూడండి. వస్తువు తప్పు కాదు, దాని ముందు మనసు ఎక్కడికి పోయిందన్నది తప్పు. మా గుడిలోనూ హద్దు దాటేవారు ఉంటారు, ఆ సంగతి మా ఫాదరే ప్రసంగంలో చెబుతుంటారు.

వాక్యమే దీపం
దేవుడే చేయించినది కూడా ఆగలేదు, ధూపం దాకా వెళ్లింది. మనం చేసుకున్నది ఆగుతుందని ఎలా నమ్మమంటారు? నా భయం అంతా అదే. మిమ్మల్ని తక్కువ చేయడం లేదు.

కేఆర్ పురం కోడలు
నాకు పుస్తకాల సంగతి అంతగా తెలియదు. మాది రెండు మతాల ఇల్లు. నేను రాజమండ్రిలో చర్చికి వెళ్తూ పెరిగాను, అత్తగారిది నిత్యపూజ ఇల్లు. ఆవిడకు మోకాళ్లు పట్టేశాయి. గురువారం సాయంత్రం దీపపు కుందులు, ఇత్తడి విగ్రహాలు చింతపండుతో నేనే తోముతాను. చిన్న కృష్ణుడు ఒకటి ఉంది, వెనకవైపు బోలు. అందులో ఏళ్లనాటి గంధం గట్టిపడి ఉంటే పాత పళ్ల బ్రష్‌తో గీకి తీశాను. అత్తయ్య దాన్ని వెలుగుకు పట్టి చూసుకుని ఎంత మురిసిపోయారో.

మా చర్చిలో ఒకరు అది పాపమన్నారు. పాస్టరు గారిని అడిగాను. ఆయన 1 కొరింథీయులకు 8వ అధ్యాయం తెరిచి, లోకంలో విగ్రహం వట్టిది అని పౌలు అంటున్నాడు, వట్టిదని నువ్వు నమ్మితే ముట్టుకుంటే నీకేమవుతుంది అన్నారు. నేను దానికి మొక్కను, అత్తయ్య మొక్కమని అడగరు. నేను ప్రార్థన చేసుకునేటప్పుడు ఆవిడే టీవీ కట్టేస్తారు.

వాక్యమే దీపం
అదే అధ్యాయం చివర చూడమ్మా. బలహీనమైన మనస్సాక్షి ఉన్నవాడు నిన్ను చూసి తడబడితే జాగ్రత్త అని కూడా ఉంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన అమ్మాయి నిన్ను ఆ గదిలో చూస్తే ఏమనుకుంటుంది?

కేఆర్ పురం కోడలు
నేను పీట మీద కూర్చుని గిన్నెలతో పాటు తోముతున్నాను అనుకుంటుంది. నడవలేని మనిషి పని నేను చేయనంటే ఆ అమ్మాయి నా దేవుడి గురించి ఏమనుకుంటుందో అన్నది నా భయం.

చదువరి
వాక్యమే దీపం గారూ, దీనికి జవాబు ఉందా?

వాక్యమే దీపం
ఆమె అత్తగారిని చూసుకోవడం ఐదో ఆజ్ఞ కింద వస్తుంది. తల్లిదండ్రులను సన్మానించమన్న దేవుడే విగ్రహం వద్దన్నాడు. రెండూ అదే పది ఆజ్ఞల్లో ఉన్నాయి. ఆమె మొక్కడం లేదు. నేను ఇంకేమీ అనను.

వైట్‌ఫీల్డ్ రాత్రి షిఫ్టు
అందరూ ఎదురింటి గుడి గురించి మాట్లాడుతున్నారు. మన ఇళ్ల సంగతి నేను రాస్తాను. కొన్నేళ్ల క్రితం నాకు ఉద్యోగం పోయింది. అప్పుడు వెళ్తున్న సంఘంలో ప్రార్థన చేసిన నూనె అంటూ సీసాలు ఇచ్చేవారు. "కానుక" వేస్తేనే. గుమ్మానికి రాయమన్నారు, బయోడేటా మీద రాయమన్నారు. పెద్ద ప్రసంగీకుడి ఫొటో ఉన్న క్యాలెండర్ ఇంట్లో తూర్పు గోడకు పెట్టమన్నారు. మా పక్కింటి ఆవిడ పొద్దున లేవగానే ఆ ఫొటో తాకి కళ్లకు అద్దుకునేది. ఆయన తుడుచుకున్న చేతిరుమాలు ముక్కలుగా కత్తిరించి పంచితే, జ్వరం వచ్చిన పిల్లవాడి దిండు కింద పెట్టి, మందు వేయకుండా కూర్చున్నవాళ్లను చూశాను.

ఆ సంఘంలోనే ప్రతి దసరాకూ 115వ కీర్తన మీద ప్రసంగం ఉండేది. నోరుండియు పలుకవు అని గొంతు చించుకునేవారు. ఆ నూనె సీసాకు నోరైనా లేదు.

హోరమావు వాసి
అన్నా, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

వాక్యమే దీపం
దీన్ని నేను మీకంటే గట్టిగా ఖండిస్తాను. అది విగ్రహారాధనే, ఇంకో పేరు లేదు. న్యాయాధిపతులు 17లో మీకా అనేవాడు ఇంట్లో విగ్రహం పెట్టుకుని, ఒక లేవీయుణ్ణి పూజారిగా జీతానికి కుదుర్చుకుని, ఇక యెహోవా నాకు మేలు చేస్తాడని సంబరపడ్డాడు. మీరు చెప్పింది అచ్చంగా అదే.

పాత నిబంధన పాఠకుడు
కొలొస్సయులకు 3:5 కూడా ఇక్కడికే వస్తుంది. ధనాపేక్ష విగ్రహారాధన అని పౌలు తెగేసి చెప్పాడు. ఆ సంఘాల్లో ఉన్నవాళ్లు రాతి విగ్రహాలు ఎప్పుడో మానేశారు, అయినా ఆ ఉత్తరం వాళ్లకే రాశాడు. నాకు తెలిసిన ఒక పెళ్లి మాటలు ఇక్కడే బాణసవాడిలో జరిగాయి. ఇరువైపులా భక్తిపరులు, ప్రార్థనతో మొదలుపెట్టారు. ప్రార్థన ముగిశాక అబ్బాయి తండ్రి, అమ్మాయికి ఫ్లాటు రాసిస్తారా లేదా అని అడిగారు. ఆ ఫ్లాటు దగ్గరే సంబంధం తప్పిపోయింది. ఆ గదిలో పటం ఒక్కటీ లేదు.

గుంటూరు మిరప
ఆ ఒక్క విషయంలో మా ఇళ్లకూ మీ ఇళ్లకూ తేడా లేదు మాస్టారూ. మా చెల్లెలి పెళ్లి కూడా అలాగే తప్పిపోయింది.

శివాజీనగర్ రోజా
మాదీ అంతే.

హోరమావు వాసి
నిన్న సాయంత్రం ఆ ప్రసంగీకుణ్ణి కలిశాను. గొడవ పడలేదు. అపొస్తలుల కార్యములు 19 తీసి చూపించాను. ఎఫెసు పట్టణంలో అర్తెమి దేవతకు వెండి గుళ్లు చేసి అమ్మే దేమేత్రి, చేతులతో చేసినవి దేవతలు కావని పౌలు చెబుతున్నాడంటూ ఊరిని రేపుతాడు. అంటే పౌలు ఆ మాట చెప్పాడు, దాచలేదు. అయినా చివర్లో ఊరి కరణం జనాన్ని సముదాయిస్తూ, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించలేదు అంటాడు. అంతకాలం ఆ ఊళ్లో బోధించిన పౌలు తోటివాళ్ల గురించి అవతలివాళ్లే ఇచ్చిన సాక్ష్యం అది. మన వీధిలో ఆ గుడి పూజారి మన గురించి అలా చెప్పగలడా అని అడిగాను.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. సత్యం చెబితే ఎవరికైనా నొప్పి కలుగుతుంది అన్నాడు. సత్యం వల్ల కలిగే నొప్పి వేరు, చెయ్యి చూపించి నవ్వితే కలిగే నొప్పి వేరు అన్నాను. ఆలోచిస్తానన్నాడు. కిటికీలు మాత్రం మూయిస్తానని మాట ఇచ్చాడు.

ఆళ్లగడ్డ శిల్పి మనవడు
మీరు వెళ్లి అడగడం గొప్ప విషయం. మావైపు కూడా చవితి పందిళ్ల మైకులు రాత్రి పదకొండు దాకా మోగుతాయి, వాటి గురించి మా కమిటీతో నేనూ మాట్లాడతాను.

టాక్సీ నడిపే తమ్ముడు
ఈ చర్చ మొత్తం చదివాను. నాది చిన్న ప్రశ్న. ట్రావెల్స్ కంపెనీలో డ్రైవరుగా చేస్తున్నాను, మాది నెల్లూరు జిల్లా. పండుగకు కార్లన్నిటికీ పూజ చేస్తారు. ఈసారి నా బండి ముందు గుమ్మడికాయ నన్నే కొట్టమంటున్నారు యజమాని. మంచి మనిషి, మా అమ్మ ఆపరేషనుకు డబ్బు సర్దారు. ఏం చేయాలి?

వాక్యమే దీపం
కొట్టవద్దు తమ్ముడూ. గౌరవంగా చెప్పండి. బబులోను రాజు తాను నిలబెట్టిన ప్రతిమకు మొక్కమంటే షద్రకు, మేషాకు, అబేద్నెగో ఆయనతో కటువుగా మాట్లాడలేదు, కానీ మొక్కలేదు.

పాత నిబంధన పాఠకుడు
నయమాను కథ కూడా చదవండి, 2 రాజులు 5. సిరియా సేనాధిపతి. కుష్ఠం పోయాక యెహోవాకు తప్ప ఎవరికీ బలి అర్పించనన్నాడు. కానీ మా రాజు రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకుని మొక్కుతాడు, అప్పుడు నేనూ వంగవలసి వస్తుంది, ఆ ఒక్కటి క్షమించాలి అని వేడుకున్నాడు. ప్రవక్త ఎలీషా ఆయనను గద్దించలేదు, సమాధానంగా వెళ్లమన్నాడు.

వాక్యమే దీపం
క్షమించమని అడిగాడంటే అది సరికాదని ఆయనకు తెలుసు. దాన్ని అనుమతి పత్రంగా చదవకండి.

పాత నిబంధన పాఠకుడు
అనుమతి అనలేదు. నిన్న మొన్న నమ్మినవాడి మీద ప్రవక్త ఎంత బరువు పెట్టాడో చూడమంటున్నాను.

కేఆర్ పురం కోడలు
తమ్ముడూ, పండుగ రోజు అందరి ముందు కాదనకు, ఆయనకు చిన్నతనంగా ఉంటుంది. ముందు రోజే ఒంటరిగా కలిసి చెప్పు. అమ్మకు చేసిన సాయం మరచిపోలేదని కూడా చెప్పు.

టాక్సీ నడిపే తమ్ముడు
ఈ రోజే చెప్పాను అక్కా. ఆయన కాసేపు నా మొహం చూసి, సరే, ఇంకో డ్రైవరు కొడతాడులే అన్నారు. పోయినేడు గుమ్మడికాయ ముక్కల మీద జారి మా గేటు ముందే ఒక స్కూటర్ అతను పడ్డాడు. ఆ ముక్కలన్నీ నేను ఊడ్చి పారేస్తానని చెప్పాను, దానికి సంతోషించారు. మరి పూజ సామాను మార్కెట్ నుంచి బండిలో తెమ్మన్నారు. తేవచ్చా?

వాక్యమే దీపం
నేనైతే తేను.

పాత నిబంధన పాఠకుడు
నేనైతే తెస్తాను. పూలు, అరటిపళ్లు, బొరుగులు ఎవరి బండిలోనైనా వస్తాయి, అది నీ ఉద్యోగం.

టాక్సీ నడిపే తమ్ముడు
సరే మాస్టారూ. కేఆర్ మార్కెట్‌కు తెల్లవారుజామున నాలుగింటికే వెళ్లాలి, లేకపోతే బండి ఆపడానికి చోటు దొరకదు.